హెడ్మాస్టరు సంతకం

నేను ఒంటిమిట్ట నుంచి ఆకాశవాణి కడప కేంద్రానికి వచ్చాను. ఉద్యోగమంతా ప్రభుత్వ బడుల్లోనే గడిచింది. చివరి కొన్నేళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఈ పూట నేను మాట్లాడబోయేది బడిని నడిపే అధికారుల నడవడిక గురించి. హెడ్మాస్టరు మొదలుకొని మండల విద్యాధికారి ఎంఈఓ, ఆ పైన డిప్యూటీ ఈఓ, జిల్లా విద్యాధికారి డీఈఓ దాకా అందరూ ఇందులోకి వస్తారు. పిల్లలకు నీతులు నేర్పాలని సభల్లో అందరూ చెబుతారు. ఆ పిల్లల బడిని చేతిలో పెట్టుకున్నవాళ్లు ఎట్లా నడుచుకోవాలో విడమరిచి అడిగేవాళ్లు తక్కువ.

హెడ్మాస్టరుకున్న అధికారమంతా ఆయన సంతకంలో ఉంది. పొద్దున ప్రార్థన ముగిసేసరికి హాజరు లెక్క ఆయన ముందుకొస్తుంది. కాసేపటికి మధ్యాహ్న భోజనం లెక్క వస్తుంది. బియ్యం స్టాకు, గుడ్ల స్టాకు, వంట బిల్లు, ఆయమ్మ జీతం, టీసీ, బోనఫైడ్ సర్టిఫికెట్, క్యాష్ బుక్, కమిటీ తీర్మానం, పదో తరగతి నామినల్ రోల్... వీటిలో కొన్ని ఇప్పుడు కాగితం మీద, కొన్ని ఫోన్లో. కాగితమైనా ఫోనైనా, కింద ఉండేది ఆయన పేరే. అవతలి పక్క ఉండేది ఒక పిల్లో, పిల్లాడో, చదువు రాని ఒక తల్లో. ఆ కాగితంలో ఏముందో వాళ్లు చదవలేరు, చదివినా సార్‌ను నిలదీయలేరు. లంచం తీసుకోని అధికారిని మంచివాడనుకుని మనం అక్కడితో ఆగిపోతాం. నన్నడిగితే అది సగం పరీక్ష కూడా కాదు. ఎదురు ప్రశ్న వేయలేని మనిషి విషయంలో ఆయన సంతకం నిజం చెప్పిందా లేదా అని చూడాలి.

నియమాలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తన నియమావళి 1964లోనే వచ్చింది. విధి పట్ల శ్రద్ధ, సంపూర్ణమైన నిజాయితీ, క్రమశిక్షణ, నిష్పక్షపాతం ప్రతి ప్రభుత్వోద్యోగికీ ఉండాలని అది మొదట్లోనే చెబుతుంది. ఏటా జనవరి 15లోగా ఆస్తుల వివరాలు ఇమ్మంటుంది. అనుమతి లేకుండా వ్యాపారాలు చేయొద్దంటుంది, రాజకీయాల్లో తలదూర్చొద్దంటుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇంకొంత చెప్పింది. పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు. సర్కారు బడి పంతులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. నియమాలన్నీ సర్వీసులో చేరిన కొత్తలో ఒకసారి, శాఖాపరమైన పరీక్ష కోసం ఇంకోసారి చదువుతాం. ఆ తర్వాత అవి మళ్లీ కంటబడేది మెమో వచ్చిన రోజునే.

ముందు అన్నం సంగతి చెబుతాను, ఎందుకంటే రోజూ జరిగేది అదే. ప్రభుత్వ బడుల్లో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. పేర్లు మారుతూ వచ్చాయి. ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తోంది. దారిన పోయే ఆకలిగొన్నవాళ్లకు పిలిచి అన్నం పెట్టిన ఆ తల్లి పేరు పెట్టుకున్నాక, ఆ గిన్నెలో అబద్ధం కలపడానికి చేయి వణకాలి.

లెక్క ఎట్లా తప్పుతుందో దగ్గర్నుంచి చూద్దాం. ఒక బడిలో 120 మంది పేర్లున్నాయనుకోండి. ఆ రోజు వచ్చింది 96 మంది. ఫోన్లో 116 అని పెట్టారు. ఇరవై మందిని పెంచారు, అంతే. ప్రాథమికోన్నత స్థాయి పిల్లాడికి రోజుకు 150 గ్రాముల బియ్యం చొప్పున ఇరవై మందికి మూడు కిలోలు. నెలలో 22 పనిదినాలు వేసుకుంటే 66 కిలోలు. గుడ్లు వేరే, చిక్కీలు వేరే, తలకింత అని ఇచ్చే వంట ఖర్చు వేరే. ఒక్క నెల, ఒక్క బడి. పైగా ఇందులో రాని పిల్లాడు కూడా వచ్చినట్టు రాస్తారు కాబట్టి, ఆ పిల్లాడు ఎందుకు రాలేదని అడిగే మనిషి ఉండడు.

వంట చేసే అక్కల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వాళ్లకిచ్చే గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. బిల్లులు ఆలస్యమైతే పప్పు, నూనె, కూరగాయలు ఊళ్లో దుకాణంలో అప్పు మీద తేవాలి. దుకాణదారు వడ్డీ అడక్కపోయినా ధర పెంచి ఇస్తాడు. ఆ అక్క వచ్చి "సార్, ఇట్లయితే మేం యాడ్నుంచి తెచ్చేది?" అంటే, మంచి మనసున్న హెడ్మాస్టరుకే తప్పు చేయాలనిపిస్తుంది. పది మందిని ఎక్కువ రాస్తే ఆమె కష్టం తీరుతుంది గదా అనిపిస్తుంది. దయతో మొదలైన ఆ పది, ఏడాది తిరిగేసరికి అలవాటవుతుంది. తర్వాత వచ్చే హెడ్మాస్టరుకు ఆనవాయితీగా అప్పగిస్తారు. నిజానికి హెడ్మాస్టరు చేయాల్సింది వేరే ఉంది. బిల్లు రాలేదని ఎంఈఓకు కాగితం పెట్టాలి, పెడుతూనే ఉండాలి, తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో తీర్మానం రాయించాలి. అది విసుగు పుట్టించే పనే. దాన్ని తప్పించుకోవడానికే లెక్క పెంచుతారు.

వడ్డించేముందు ఒక ఉపాధ్యాయుడు రుచి చూడాలని నియమం ఉంది. దాన్ని తూతూమంత్రంగా తీసుకునేవాళ్లు బీహార్ సంగతి గుర్తుంచుకోవాలి. 2013 జూలై 16న సారణ్ జిల్లా గండామన్ అనే ఊళ్లో బడి అన్నం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంటమనిషి, కూర చేదుగా ఉందని పిల్లలు చెప్పారని వార్తల్లో వచ్చింది. 2016లో కోర్టు ఆ బడి హెడ్మిస్ట్రెస్‌ను దోషిగా తేల్చి జైలుశిక్ష వేసింది. వంటమనిషి మాటకు, ఆరేళ్ల పిల్ల మాటకు బడిలో ఎంత విలువ ఉంటుందన్నది హెడ్మాస్టరు నడవడికను బట్టే ఉంటుంది. "నువ్వేమి చెప్పొచ్చావులే" అనే మనిషి దగ్గర ఎవరూ నోరు తెరవరు. నోరు తెరవని చోటే ప్రమాదం జరుగుతుంది.

ఇక టీసీ, అంటే బడి మారేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్ సంగతి. మా ఒంటిమిట్ట, రాజంపేట, కోడూరు వైపు కువైట్ ప్రయాణాలు ఎంత మామూలో మీకందరికీ తెలుసు. తల్లి ఇండ్లల్లో పనికి పోయి ఉంటుంది, లేదా తండ్రి డ్రైవరుగా పోయి ఉంటాడు. పిల్లోడు అవ్వ దగ్గర ఉంటాడు. అవ్వకు చేతగాకపోతే మేనమామ ఊరికి పంపుతారు. అప్పుడు ఆ ముసలామె ఆటోలో బడికొస్తుంది. "మా బిడ్డ కువైట్లో ఉండాది సార్, పిల్లోడి టీసీ ఇయ్యండి" అంటుంది. "తల్లో తండ్రో వచ్చి సంతకం పెట్టాల, రేపు రాపో అవ్వా" అని ఆఫీసు గుమాస్తా అంటాడు. రేపొస్తే సారు మీటింగుకు పోయుంటాడు. మర్నాడు పుస్తకాలు అప్పజెప్పలేదంటారు. బడిలో సంఖ్య తగ్గితే పోస్టు పోతుందనే భయం కూడా లోపల ఉంటుంది. అది పంతుళ్ల సొంత భయం. దాన్ని ఆ ముసలామె నెత్తిన ఎందుకు పెట్టాలి?

విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. పిల్ల వేరే బడికి పోతానంటే హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. ఆలస్యం చేస్తే ఆయన మీద సర్వీసు నియమాల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. అవతలి బడి హెడ్మాస్టరు టీసీ రాలేదనే కారణంతో పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు కాగితం లేదని కూడా తిప్పి పంపకూడదని అదే చట్టంలో ఇంకో సెక్షన్ చెబుతుంది. ఈ మూడు ముక్కలూ ప్రతి బడి గోడ మీదా తెలుగులో రాసి పెడితే, ఎంతమంది అవ్వలకు ఆటో చార్జీలు మిగులుతాయో.

కర్నూలు పడమటి మండలాల్లో సమస్య ఇంకో రకంగా ఉంటుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాన మొహం చాటేస్తే ఊళ్లకు ఊళ్లే గుంటూరు మిరప కోతలకు, పత్తి ఏరడానికి పోతాయి. పెద్దవాళ్లతో పిల్లలూ పోతారు. బడిలో మాత్రం వాళ్లకు హాజరు పడుతూనే ఉంటుంది. గైర్హాజరు చూపిస్తే పైనుంచి మెమో, డ్రాపౌట్ అని రాస్తే సంజాయిషీ. అందుకని బల్ల మీదే హాజరు వేసేస్తారు. వలసపోయిన తల్లిదండ్రుల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. ఊళ్లో ఉండి చదువుకునే ఏర్పాటు అది. ఎక్కడెన్ని కావాలో తేలేది బడి చూపిన లెక్కను బట్టే. పిల్లలంతా బడిలోనే ఉన్నారని హెడ్మాస్టరు రాశాక హాస్టలు ఎందుకు తెరుస్తారు? పరాయి జిల్లాలో చేనుగట్టు మీద చిన్న చెల్లెల్ని ఆడిస్తూ కూర్చున్న పిల్ల, తన బడి హాజరు పట్టీలో ఆ రోజు చదువుకుంటూ ఉంటుంది. ఈ అబద్ధం వల్ల రూపాయి ఎవరి జేబులోకీ పోదు. అయినా నేను చూసినవాటిలో ఇదే ఎక్కువ బాధపెట్టింది.

పరీక్షల సంగతికొస్తే, మన రాయలసీమ పేరే వార్తల్లోకెక్కిన రోజులు గుర్తున్నాయి. 2022 ఏప్రిల్ 27న పదో తరగతి పరీక్షలు మొదలైన నాడే నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం అంకిరెడ్డిపల్లె కేంద్రం నుంచి తెలుగు ప్రశ్నపత్రం వాట్సాప్‌లో బయటికి వచ్చింది. ఉపాధ్యాయులను పోలీసులు అరెస్టు చేశారు. తర్వాతి రోజుల్లో రాష్ట్రంలో ఇంకొన్ని చోట్ల కూడా ఇలాంటి కేసులు బయటపడ్డాయి. పరీక్ష కేంద్రాల్లోకి చీఫ్ సూపరింటెండెంట్ సహా ఎవరూ ఫోను తేకూడదని కట్టడి చేయాల్సి వచ్చింది. పరీక్షల్లో అక్రమాలను శిక్షించడానికి 1997 నుంచే మనకు ప్రత్యేక చట్టం ఉంది. చట్టం ఉండి, జైలు భయం ఉండి, పంతుళ్లు ఎందుకు తెగించారు?

నాకు తెలిసిన జవాబు ఇది. జనవరి వచ్చిందంటే సమీక్షా సమావేశాలు మొదలవుతాయి. "మీ బడి ఎంత శాతం?" అని అడుగుతారు. "నూరు" అన్నవాడికి చప్పట్లు. "డెబ్బై రావచ్చు సార్, ఈ పిల్లలకు కరోనాలో రెండేళ్లు చదువు పోయింది" అని నిజం చెప్పినవాణ్ణి అందరి ముందూ నిలబెడతారు. ఆ గదిలో కూర్చున్న మిగతా హెడ్మాస్టర్లంతా ఏం నేర్చుకుని బయటికొస్తారో ఆలోచించండి. 2022లో రాష్ట్ర ఉత్తీర్ణత 67.26 శాతం. కరోనాకు ముందు 2019లో అది 94.88. ఆ పడిపోయిన అంకె చూసి చాలామంది ఉలిక్కిపడ్డారు. నాకు మాత్రం అది ఎవరో ఒకరు చెప్పక తప్పని నిజంలాగే అనిపించింది. రెండేళ్లు చదువు దెబ్బతింటే ఏమవుతుందో ఆ అంకె దాచకుండా చూపింది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో అట్లాంటా అనే నగరంలో 2009 పరీక్షల్లో ప్రభుత్వ బడుల పంతుళ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దేశారు. తప్పు జవాబు చెరిపి ఒప్పు జవాబు పెట్టారు. 2011లో విచారణ నివేదిక వచ్చింది. 44 బడుల్లో అక్రమం జరిగిందని, 178 మంది ఉపాధ్యాయులు, అధికారులకు అందులో చేయి ఉందని, వాళ్లలో 38 మంది ప్రిన్సిపాళ్లని అది తేల్చింది. 2015లో 11 మందికి నేరం రుజువైంది. లక్ష్యం అందుకోకపోతే ఉద్యోగం పోతుందనే భయం అక్కడ పైనుంచి కిందిదాకా పాకిందని ఆ విచారణలో తేలింది. అందుకే హెడ్మాస్టరు నీతి గురించి మాట్లాడేటప్పుడు ఎంఈఓ నీతిని, డీఈఓ నీతిని పక్కన పెట్టలేం. కింది మనిషి చేత అబద్ధం చెప్పించే ప్రశ్న అడగకపోవడం పై అధికారి మొదటి కర్తవ్యం. చేదు అంకె తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి "ఏం కావాలి, గణితం పోస్టు ఖాళీగా ఉందా, పుస్తకాలు చేరలేదా?" అని అడిగిన డీఈఓలను నేను చూశాను. వాళ్లున్న కాలంలో మా జిల్లా రికార్డులు నమ్మదగినట్టుండేవి.

ఇప్పుడు చెప్పబోయేది మాట్లాడటానికే కష్టమైన విషయం. అయినా రేడియోలో చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ మాట ఇళ్లల్లోకి చేరాలి. బడిలో పిల్ల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినప్పుడు హెడ్మాస్టరు ఏం చేయాలి? చాలా చోట్ల జరిగేది ఇది. ఆ పంతుల్ని గదిలోకి పిలిచి చీవాట్లు పెడతారు. పిల్ల తల్లిదండ్రుల్ని పిలిచి "ఆడపిల్ల విషయం, ఊళ్లో తెలిస్తే పరువు పోతుంది" అంటారు. పెద్దమనుషులు వస్తారు. ఆ పంతులు సెలవు పెట్టి వేరే ఊరికి బదిలీ చేయించుకుంటాడు. ఆ వేరే ఊళ్లోనూ ఆడపిల్లలుంటారు.

2012లో వచ్చిన పోక్సో చట్టం దీనికి తావివ్వలేదు. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా, తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థకు అధిపతిగా ఉన్న మనిషి తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. ముందు మనమే విచారించి నిజమో కాదో తేల్చుకుందామనే అధికారం హెడ్మాస్టరుకు లేదు. అది పోలీసుల పని, కోర్టు పని. మంచి ఉద్దేశంతో సమాచారమిచ్చిన మనిషి మీద కేసు ఉండదని కూడా అదే చట్టం హామీ ఇచ్చింది. తల్లిదండ్రులు భయపడే స్టేషన్ సంగతి కూడా చెబుతాను. పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటో, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి. ఆ సమయంలో పోలీసు యూనిఫాం ఉండకూడదు. పిల్ల పేరు, ఊరు బయటపెట్టకూడదు. చైల్డ్‌లైన్ నంబరు 1098. ఈ నాలుగు అంకెలు ప్రతి తరగతి గదిలో కనబడేట్టు రాయించని హెడ్మాస్టరు, ఇంకెన్ని అవార్డులు తెచ్చుకున్నా నా లెక్కలో సగం పనే చేసినట్టు. తోటి ఉద్యోగి మీద ఫిర్యాదు చేయడం బాధే. పదేళ్లు పక్కపక్కన కూర్చుని టీ తాగిన మనిషి, మనింట్లో పెళ్లికి వచ్చిపోయిన మనిషి. ఆ స్నేహం ఎంత పాతదైనా, ఎదురుగా నిలబడ్డ పిల్లకు ఈ బడిలో ఇంకో పెద్దదిక్కు లేదు.

ఇక డబ్బు సంగతి. 2019 నవంబరు 14న ఒంగోలులో మన బడి నాడు–నేడు మొదలైంది. తొలి విడతలో 15,715 బడుల్లో మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు, ఫర్నిచరు, ప్రహరీ పనులు తీసుకున్నారు. తల్లిదండ్రుల కమిటీల చేతికే ఆ డబ్బు ఇచ్చారు. అప్పటిదాకా సుద్దముక్కల బిల్లు తప్ప చూడని హెడ్మాస్టర్లు సిమెంటు మూటలు, ఇసుక ట్రిప్పులు, టైల్స్ లెక్కలు రాశారు. ఎండలో నిలబడి మూటలు లెక్కబెట్టుకున్న టీచరమ్మలు మా మండలంలోనే ఉన్నారు. ఇప్పుడు తల్లికి వందనం పథకం కింద ఒక్కో పిల్లకు ఇచ్చే 15,000లో 13,000 తల్లి ఖాతాకు పోయి, 2,000 బడుల నిర్వహణకు పక్కన పెడుతున్నారు. తల్లి పేరు మీద వచ్చిన డబ్బులోంచి తీసింది గనుక, ఆ మొత్తం ఎట్లా ఖర్చయిందో అడిగే హక్కు ఆ తల్లికి మిగతావాళ్లకంటే ఎక్కువే ఉంది.

చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. చైర్‌పర్సన్‌గా ఎన్నికైన అమ్మ చెనిక్కాయ చేలో కలుపు తీస్తూ ఉంటుంది. "అమ్మా, ఇక్కడొక సంతకం" అని చెక్కుబుక్కు చేను దగ్గరికే పంపుతారు. నాలుగు ఖాళీ చెక్కుల మీద ఒకేసారి పెట్టించుకుంటే మళ్లీ మళ్లీ తిరగాల్సిన పనుండదని హెడ్మాస్టరు అనుకుంటాడు. ఆయన రూపాయి ముట్టకపోవచ్చు. అయినా ఆ ఖాళీ చెక్కుతో ఆమెను కమిటీలోంచి తీసేసినట్టే. తీర్మానం చదివి వినిపించి, అంకె రాసిన తర్వాతే సంతకం అడగాలి. ఆమె అర్థం కాలేదంటే మళ్లీ చెప్పాలి.

ప్రజల సొమ్ము ఎట్లా పట్టుకోవాలో మా ఒంటిమిట్టకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. వావిలికొలను సుబ్బారావు గారు ఈ జిల్లా మనిషి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేశారు. ఆంధ్ర వాల్మీకి అని పేరు. మా కోదండరాముడి గుడి పాడుబడి ఉంటే టెంకాయ చిప్ప చేతబట్టుకుని ఊరూరా తిరిగి అడిగారు. వచ్చిన ప్రతి పైసా రాముడి గుడికే పెట్టారని మా పెద్దలు చెప్పేవారు. ఆయన మా వృత్తివాడే, పంతులు. గుడి సొమ్ము రాముడిదైతే బడి సొమ్ము పిల్లలది. ఈ వరస మా ఊళ్లో ఎవరికైనా చప్పున అర్థమవుతుంది.

రాజకీయాల గురించి పొడుగ్గా చెప్పను. సీమలో ఊరికి రెండు వర్గాలుండటం మీకు తెలిసిందే. జెండా పండగకు ఎవరిని పిలవాలి, కొత్త గదికి ఎవరి చేత కొబ్బరికాయ కొట్టించాలి, కమిటీలో ఎవరి మనిషి ఉండాలి అన్న చోట హెడ్మాస్టరు నలిగిపోతాడు. ఇరువైపులకూ ఒకే కాగితం, ఒకే తేదీ, ఒకే మర్యాద పాటించినవాడే నిలబడ్డాడు. బదిలీలు సిఫారసు ఉత్తరాలతో నడిచినన్నాళ్లు ఈ నిలకడ కష్టంగా ఉండేది. కౌన్సెలింగ్ పద్ధతి వచ్చాక కొంత ఊపిరి ఆడింది. 2025లో ఉపాధ్యాయ బదిలీలకు ఏకంగా చట్టమే చేశారు. ఏ నాయకుడి ఇంటి గడప తొక్కకుండా బదిలీ దొరికే హెడ్మాస్టరుకు, ఆ నాయకుడు ఫోన్ చేసి తప్పుడు సర్టిఫికెట్ అడిగినప్పుడు కాదనడం తేలిక.

ఒక విషయంలో మాత్రం ఊరివాళ్లు కూడా ఆలోచించాలి. వంటమనిషి ఫలానా కులమని పిల్లల్ని ఇంటికి పిలుచుకుపోతామని బెదిరించే పెద్దలున్నారు. అప్పుడు ఆమెను మార్చి గొడవ సద్దుమణిగించే హెడ్మాస్టరును "భలే సర్దుకుపోయే మనిషి" అంటారు. అలాంటి చోటే బడి వరండాలో పిల్లల పక్కన కూర్చుని, ఆమె వడ్డించిన అన్నం అందరూ చూస్తుండగా తిన్న హెడ్మాస్టర్లు నాకు తెలుసు. వాళ్లకు ఊళ్లో కొన్నాళ్లు పలకరింపులు కరువయ్యాయి. ఊరు ఏమంటుందోనని భయపడకుండా అన్నం తినడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

శ్రోతలారా, ఇవన్నీ హెడ్మాస్టరు మనసాక్షికి వదిలేసి కూర్చుంటే సరిపోదు. నిజాయితీగా ఉన్న హెడ్మాస్టరుకు కూడా మీరు అడగడమే రక్ష. పదిమంది అడుగుతారని తెలిస్తే పై నుంచి వచ్చే తప్పుడు ఒత్తిడికి ఆయన "ఊళ్లో ఒప్పుకోరు సార్" అని చెప్పగలడు. ఈసారి కమిటీ సమావేశానికి పోయినప్పుడు మూడు విషయాలు అడగండి. ఈరోజు బడికి వచ్చిన పిల్లలెంతమంది, అన్నం తిన్నట్టు ఫోన్లో పెట్టింది ఎంతమందికి? రెండు అంకెలూ పక్కపక్కన వరండాలో బోర్డు మీద రోజూ రాయమనండి. సుద్దముక్క తప్ప దానికి ఖర్చు లేదు. కిందటి సమావేశం తర్వాత బడి ఖాతాలోంచి తీసిన డబ్బెంత, ఏ బిల్లుకు ఇచ్చారు? నెల రోజులుగా బడికి రాని పిల్లలెవరు, వాళ్లెక్కడున్నారు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పలేని హెడ్మాస్టరును కసరకండి. ఆయనతోపాటు మీరూ ఆ పిల్ల ఇంటిదాకా నడవండి.

అడిగినా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద తెలుగులో రాసిస్తే చాలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తు ఇచ్చినప్పుడు తేదీ వేయించుకుని, ముద్ర ఉన్న నకలు తీసుకోవడం మరిచిపోకండి.